అబ్బాసియా మిద్దె మీద పోపు ఎన్నిక

మొన్న రోమ్‌లో ఆ సన్నటి గొట్టంలోంచి, కొత్త పోపు తేలాడని తెల్లపొగ లేచినప్పుడు నేను అబ్బాసియాలో మా అమ్మాయి ఫ్లాట్‌లో సోఫా మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నాను. విజిట్ వీసా మీద వచ్చిన ముసలివాడికి అంతకన్నా పనేముంటుంది? హాలు నిండా జనం. మా అల్లుడి స్నేహితులు, ఎదురు ఫ్లాట్ నర్సమ్మలు, కింద కిరాణా కొట్టు కుర్రాళ్లు ఇద్దరు, అందరూ టీవీకి కళ్లప్పగించి ఉన్నారు. నలుగురి చూపూ ఒకవైపు ఉంటే దాన్ని నావైపు తిప్పుకోకుండా ఉండలేకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. "ఇందులో ఏముందబ్బా, నేనూ ఒకసారి పోపుగా ఎన్నికైనోణ్ణే" అన్నాను. హాలంతా ఒక్కసారిగా ఇటు తిరిగింది. "ఈ కువైట్‌లోనే. ఇరాకోళ్లు వచ్చిన ఏడు. ఇక్కడికి రెండు సందుల అవతల, మిద్దె మీద. ముప్పై మంది లోపల తాళం వేసుకుని నన్ను ఎన్నుకున్నారు. పొగ చూసి ఇరాకీ సార్జెంటు మెట్లెక్కి వచ్చినాడు. మోసుల్ దిక్కు క్రైస్తవుడు. శిలువ గుర్తు వేసుకుని, నాకు సెల్యూట్ కొట్టి పోయినాడు." వంటింట్లోంచి మా అమ్మాయి "నాయనా!" అంది. ఆ ఒక్క మాటలో నా మీద డెబ్బై ఏళ్లుగా వస్తున్న ఫిర్యాదులన్నీ ఉన్నాయి. కానీ నర్సమ్మల్లో ఒకావిడ నిజంగానే లేచి నాకు చేతులు జోడించింది. ఆ చేతులు చూశాక నాకు రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. అందుకని ఇది రాస్తున్నాను. చెప్పేటప్పుడు సాగదీస్తానే గానీ, రాసేటప్పుడు నాకూ కాస్త సిగ్గు పుడుతుంది.

ముందుగా ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. నేను ఎన్నిక కాలేదు. నాకు ఒక్క ఓటు వచ్చింది. ఆ ఒక్కటీ నేనే వేసుకున్నాను.

ఈ పోపుల సంగతులు నాకెలా తెలుసంటే, మా కడప దిక్కున ఒక విచారణలో, అంటే ఒక చర్చి కింది ఊళ్లల్లో, ఇటలీ దేశపు ముసలి ఫాదరు ఒకాయన ఉండేవాడు. నా పదిహేనో ఏట నుంచి ఇరవై రెండో ఏడు దాకా ఆయన వంటింట్లోనే నా బతుకు గడిచింది. ఆయనకు ప్రసంగం చెప్పడం రాదు. గుడిలో నోరు విప్పితే జనం కునికేవారు. అదే వంటింట్లో, నేను అనపకాయలు ఒలుస్తుంటే ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడంటే, పోపుల కథలు పాలపొంగులా వచ్చేవి. పోపు చనిపోతే ఆయన వేలి ఉంగరాన్ని పగలగొట్టేస్తారని, ఆ ముద్రతో ఇంకెవడూ దొంగ ఉత్తర్వు పుట్టించకుండా ఉండేందుకని చెప్పేవాడు. కొత్త పోపు పొట్టివాడో పొడుగువాడో ముందుగా తెలియదు కాబట్టి దర్జీ మూడు కొలతల్లో తెల్ల అంగీలు కుట్టి సిద్ధంగా పెడతాడని చెప్పేవాడు. ఎన్నికైన మనిషిని పక్కగదికి తీసుకుపోతారట, ఆ గదికి కన్నీటి గది అని పేరట, అక్కడ ఏడవని పోపు అరుదట. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ మాత్రం విటెర్బో అనే ఊరిది. ఏడు వందల ఏళ్ల కిందట అక్కడ కార్డినళ్లు కూడి, మూడేళ్లకు దగ్గర పడుతున్నా పోపును తేల్చలేదు. ఊరివాళ్లు విసిగిపోయి వాళ్లను లోపల పెట్టి తాళం వేశారు. తిండి తగ్గించి రొట్టె, నీళ్లు మాత్రం ఇచ్చారు. అప్పటికీ తేల్చకపోతే భవనం పైకప్పు పీకేశారు. ఎండా వానా నెత్తిన పడేసరికి తేల్చారట. అలా ఎన్నికైన పోపే ఆ తర్వాత రూలు పెట్టాడు, ఇకమీదట తాళం వేసే ఎన్నుకోవాలని, ఆలస్యమైన కొద్దీ కూర తగ్గించాలని, ఎనిమిది రోజులు దాటితే రొట్టె, నీళ్లే ఇవ్వాలని. ఈ కథ చెప్పినప్పుడల్లా ఫాదరు తొడ మీద చరుచుకుని, "పరిశుద్ధాత్మ వస్తుంది, కానీ కొంచెం ఆకలి వేస్తే తొందరగా వస్తుంది" అనేవాడు.

ఇక తొంభైలో ఆగస్టు నెల. గురువారం తెల్లవారి లేచేసరికి రోడ్ల మీద ట్యాంకులు. నేను అప్పుడు రోడ్లు వేసే ఒక కంపెనీలో గోడౌన్ కాపలా చూసేవాణ్ణి. అబ్బాసియాలో ఒక పాత మూడంతస్తుల బిల్డింగులో మా కంపెనీ మనుషులం ముప్పై మందిమి ఉండేవాళ్లం. అందరిదీ కడప, రాయచోటి, రాజంపేట. మా మేనేజరు మంచివాడో భయస్థుడో తెలియదు గానీ, పారిపోయే ముందు మా పాస్‌పోర్టులన్నీ ఒక సిమెంటు సంచీలో వేసి గేటు దగ్గర పడేసి పోయాడు. కువైట్‌లో పాస్‌పోర్టు ఎప్పుడూ వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గరే ఉండేది కదా, ఆరేళ్ల తర్వాత నా ఫొటో నేను చూసుకుని ఎవడో అనుకున్నాను. రెండు వారాలు అలా గడిచాయి. గ్యాస్ అయిపోయింది. రొట్టె కోసం బేకరీ ముందు పొద్దున నిలబడితే మధ్యాహ్నానికి నాలుగు దొరికేవి.

అప్పుడు వచ్చింది మా అక్క. సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే, నన్ను కువైట్‌కు రప్పించిందీ ఆవిడే. రుమైథియాలో ఒక పెద్ద ఇంట్లో పని. ఇంటివాళ్లు ఎండాకాలమని లండన్ పోయి అక్కడే చిక్కుకుపోయారు. వీధిలో సైనికులు ఇళ్లు తెరిచి సామాను లారీల్లో ఎక్కించడం మొదలుపెట్టాక, అక్క గేటుకు తాళం వేసి, చుట్టుపక్కల ఇళ్లలో తనలాగే మిగిలిపోయిన ఇంకో ఆరుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, తెల్లవారుజామున బయల్దేరి ఎండెక్కే వేళకు అబ్బాసియా చేరింది. అంత దూరమూ నడక. అందరిలో చిన్నది ఇరవై ఏళ్ల చిట్వేలు అమ్మాయి. కాళ్లు బొబ్బలెక్కి మెట్ల మీదే కూలబడింది. ఆ ఏడుగురిలో ఎవరి దగ్గరా పాస్‌పోర్టు లేదు. "ఇల్లంతా నా చేతిలో పెట్టి పోయిరి మామా వాళ్లు, బంగారుతో సహా" అంది అక్క, చెప్పులు విడుస్తూ. మామా అంటే ఇక్కడ ఇంటి యజమానురాలు. "నన్ను నమ్మి ఇల్లు ఇచ్చిరి. నా పాస్‌పోర్టు మటుకు నన్ను నమ్మి నా చేతికి ఈలేదు. అది ఇనప్పెట్టెలో ఉండాది. దాని తాళంచెవి లండన్‌లో ఉండాది."

ఇంకో మూడు రోజులకు ఒక బస్సు కుదిరింది. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కణ్ణుంచి జోర్డాన్‌లోని అమ్మాన్. బస్సాయన పాలస్తీనావాడు, మాట కరుకు. "ముప్పై మందితో నేను మాట్లాడలేను. రేపు మధ్యాహ్నం మూడు దాటాక, అసర్ నమాజు వేళకు వస్తాను. అప్పటికి ఒక్క మనిషిని తేల్చండి. లిస్టు రాసేది అతను, చెక్‌పోస్టు దగ్గర జవాబు చెప్పేది అతను. తేల్చకపోతే పక్క బిల్డింగువాళ్లను ఎక్కించుకుని పోతాను, ఖలాస్" అని పోయాడు.

అంతే, మా బిల్డింగు రెండుగా చీలింది. ఒకవైపు మా కంపెనీ డ్రైవరన్న. రాజంపేట మనిషి, ముగ్గురు ఆడపిల్లల తండ్రి, తిట్టడమే గానీ కొట్టడం తెలియనివాడు. "కాగితం ఉండేటోళ్లే ఎక్కాల. ఒక్కరు కాగితం ల్యాక దొరికితే బస్సు మొత్తం వెనక్కి తిప్పుతారు. ఏడుగురి కోసం ముప్పై మందిని ముంచమంటారా?" అన్నాడు. ఇంకోవైపు మా దర్జీ భాయ్. రాయచోటి సాయిబు, కంపెనీ యూనిఫారాలు కుట్టేవాడు. చెవి మీద పెన్సిలు, కాలరులో గుచ్చిన సూదీ దారం లేకుండా ఆయన్ను నేను చూడలేదు. "అరే, ఏడుగురు ఆడోళ్లను ఈ సైనికుల మధ్య ఇడిసిపెట్టి పోయి, ఊర్లో మీ అమ్మ మొగం ఎట్ల చూస్తారప్పా? అమ్మాన్‌లో మన ఎంబసీవోళ్లు కాగితం రాసిస్తాండారంట. అందరమూ పోదాం, ల్యాకుంటే అందరమూ ఉందాం" అన్నాడు. సాయంత్రం దాకా కేకలు. ఎవడి గొంతు పెద్దదైతే వాడిదే న్యాయం అన్నట్టు తయారైంది.

అప్పుడు నేను లేచాను. ఇందులో అబద్ధం లేదు, నిజంగానే లేచాను. "రెండు వేల ఏండ్లుగా మా పోపును ఎట్ల ఎన్నుకుంటారో చెప్తా, ఇనండి" అన్నాను. రెండు వేల ఏళ్లుగా అదే పద్ధతి కాదని నాకూ తెలుసు, కానీ సభలో అలాగే అనాలి. మిద్దె మీద అందరూ కూర్చున్నారు, ఆడవాళ్లు నీళ్ల ట్యాంకు పక్కన. ఫాదరు చెప్పినవన్నీ చెప్పాను. మూడింట రెండు వంతులు రావాలి, ఎవడూ అరవకూడదు, చీటీ రాసి వేయాలి, తేలేదాకా తలుపు తియ్యకూడదు. ఉంగరం చెప్పాను, పొగ చెప్పాను, విటెర్బో కథ నాకున్న ఉప్పూకారాలన్నీ వేసి చెప్పాను. దర్జీ భాయ్‌కి మాత్రం ఆ మూడు అంగీల దగ్గరే మనసు ఆగిపోయింది. "మూడింట్లో ఒకటి సరిపోయినా, చేతుల పొడుగు యాడ సరిపోతాదప్పా? అప్పటికప్పుడు మడత ఎవురు కుడతారు?" అని రెండుసార్లు అడిగాడు. హిందువులు, సాయిబులు, మేం నలుగురం క్యాథలిక్కులం, అందరూ ఒప్పుకున్నారు. పరాయి దేవుడి పద్ధతి అయితే ఎవడి సొంత కులానికీ లాభం ఉండదని కాబోలు. "మరి బయట తాళం ఎవురేస్తారు?" అని ఎవరో అడిగారు. ఓటు లేనివాళ్లు వేయాలి కదా. గోడౌన్ పెద్ద తాళం నా దగ్గర ఉండేది. దాన్నీ, దానికున్న ఒకే ఒక్క చెవినీ ఎంతో దర్జాగా తీసుకుపోయి మా అక్క చేతిలో పెట్టాను. ఏడుగురు ఆడవాళ్ల తలరాత తేల్చే ఎన్నికలో ఆ ఏడుగురికీ ఓటు ఉండాలన్న ఆలోచన మాలో ఒక్కడికీ రాలేదు. దర్జీ భాయ్‌కి కూడా రాలేదు. అక్క తాళంచెవిని చూసింది, నన్ను చూసింది, ఏమీ అనలేదు. మా అక్క ఏమీ అననప్పుడు జాగ్రత్తగా ఉండాలని నాకు ఐదో ఏటి నుంచే తెలుసు. అయినా ఆ రోజు తట్టలేదు.

మర్నాడు పొద్దున ఏడు గంటలకు ముప్పై మందిమీ మిద్దె మీద ఉన్న రేకుల గదిలోకి పోయాం. మామూలుగా అది మా వంట గది. ఇనుప రేకుల కప్పు, ఒక చువ్వల కిటికీ. బయట తాళం పడింది. పాత క్యాలెండరు చింపి చీటీలు చేశాం. రాయడం రానివాళ్లు డ్రైవరన్నకైతే సున్నా, దర్జీ భాయ్‌కైతే కత్తెర గుర్తు వేయాలని అనుకున్నాం. మొదటి విడత లెక్క: డ్రైవరుకు పదహారు, భాయ్‌కి పదమూడు, నాకు ఒకటి. ఆ ఒక్క చీటీ చదివినప్పుడు నేను కూడా అందరితో పాటు ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టాను. ఇరవై ఎవరికీ రాలేదు. పద్ధతి పద్ధతే కదా, చీటీలన్నీ దండగా గుచ్చి కిటికీ చువ్వల్లోంచి బయటికి ఇచ్చి, "తేలలేదు, నల్లపొగ రావాల, తడి అట్ట ఏసి కాల్చండి" అని నేనే చెప్పాను.

సైన్యం ఆక్రమించిన ఊళ్లో, మూడంతస్తుల మిద్దె మీద, పట్టపగలు నల్లపొగ లేపాలనే బుద్ధి ప్రపంచంలో ఇంకెవరికైనా పుడుతుందా? సందు చివర చెక్‌పోస్టు ఉందని ముప్పై మందిలో ఒక్కడూ అనుకోలేదు. పావుగంటలో మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇద్దరు సైనికులు, చేతుల్లో తుపాకులు. ఇక్కడే మోసుల్ సార్జెంటు వస్తాడు నా కథలో. ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని సమాధుల పండుగల్లో చెప్పానో ఆ సార్జెంటు గురించి. చెప్పిన ప్రతిసారీ ఆయనకు ఒక నక్షత్రం పెరిగి, కిందటేడు మేజరు అయ్యాడు. నిజం ఏమిటంటే అలాంటి మనిషి ఎవరూ లేరు. వచ్చింది ఇద్దరు బక్క సైనికులు. నేను లోపల బియ్యం బస్తా వెనక ఉన్నాను. చూసింది చువ్వల సందులోంచి, వినగలిగినంత విన్నాను. వాళ్లు గది బయట మూడు రాళ్ల పొయ్యిలో సగం కాలిన కాగితాలు చూశారు. తాళం వేసిన గది చూశారు. లోపల ముప్పై మంది మగాళ్లు. ఒకడు తుపాకి అక్క వైపు తిప్పి, ఏమిటిదని అరిచాడు. అక్కకు అరబ్బీ వంటింటి అరబ్బీయే గానీ ధారాళంగా వచ్చు. తాళంచెవి పైట కొంగులో ఉంది. అక్క గది వైపు చెయ్యి చూపి, తల దగ్గర వేలు తిప్పి, "బాబా, కుల్లు మజ్నూన్. హార్ వాయిద్" అంది. అందరూ పిచ్చోళ్లయ్యా, ఎండ ఎక్కువైంది అని. సరిగ్గా అప్పుడే లోపల ఎవడో భయంతో "రెండో విడత, రెండో విడత" అని గొణిగాడు. సైనికుడు చువ్వల్లోంచి తొంగి చూశాడు. ముప్పై మందిమి చెమటలు కక్కుతూ చేతుల్లో క్యాలెండరు ముక్కలు పట్టుకుని ఉన్నాం. వాడికి అక్క మాట మీద సంపూర్ణంగా నమ్మకం కుదిరింది. నవ్వుకుంటూ, పొయ్యి పక్కనున్న మా రేడియో చంకలో పెట్టుకుని దిగిపోయాడు.

ఆ తర్వాత పొగ మానేశాం. చీటీలు బయటికి ఇస్తే ఆడవాళ్లు నీళ్ల బకెట్లో నానబెట్టి పిసికెయ్యాలని నిర్ణయం. రెండో విడత డ్రైవరుకు పద్దెనిమిది, భాయ్‌కి పన్నెండు. మూడో విడతా అంతే, పద్దెనిమిది, పన్నెండు. నేను ఆ రెండుసార్లూ భాయ్‌కే వేశాను. పదకొండయింది. లోపల గాలి లేదు. గోనెసంచుల వాసన, చెమట వాసన, ఎవడో పొద్దున రాసుకున్న ఆముదం వాసన. డ్రైవరన్న గొంతు తగ్గించి, "ఇంకో ఇద్దరు ఇటు రండప్పా, అయిపోతాది. నాకేమి ఆ ఆడోళ్ల మీద పగనా? నాకు ముగ్గురు కూతుర్లు. నేను పోకుంటే వాళ్లకెవురు?" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. ఉండబట్టే అందరమూ నేల చూపులు చూశాం.

అన్నం వేళ దాటుతోంది. నేను కిటికీ దగ్గరికి పోయి, "అక్కా, అన్నం" అన్నాను. అక్క ఒక ఖుబ్బూస్ రొట్టె, చెంబెడు నీళ్లు చువ్వల్లోంచి లోపలికి పెట్టింది. ముప్పై మందికి ఒక రొట్టె. "ఇదేంది?" అన్నాను. "నువ్వు చెప్పిన రూలే గదరా. తేలేదాక రొట్టె, నీళ్లు." "అది ఎనిమిది రోజుల తర్వాతక్కా!" "వాళ్లకు మూడేండ్లు ఉండె. మాకు అసర్ దాకే ఉండాది." లోపల అందరూ నా మీద పడ్డారు. ఆ కథ ఎందుకు చెప్పావురా అని ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. డ్రైవరన్న కిటికీ దగ్గరికి వచ్చి, "మేయ్, తలుపు తియ్యి. ఆడోళ్లకు ఇందులో ఏం పని?" అన్నాడు. ట్యాంకు పక్కన నిలబెట్టి ఉన్న నిచ్చెన గోడకు ఆనించిన చప్పుడు వినబడింది. తర్వాత మా నెత్తి మీద అడుగులు.

కువైట్‌లో ఆగస్టు మధ్యాహ్నం అంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మొదటి రేకు లేచింది. కొక్కేలు ఊడదీసి, ఏడుగురూ కలిసి పక్కకు ఈడ్చి పడేశారు. ఎండ పలక ఒకటి మా మధ్య పడింది. మేం అందరమూ నీడ ఉన్న మూలకు జరిగాం. రెండో రేకు లేచింది. ఇంకా జరిగాం. నాలుగో రేకు లేచేసరికి ముప్పై మందిమి ఒక మంచమంత నీడలో ఒకడి కాళ్ల మీద ఒకడు నిలబడి ఉన్నాం. పైన ఆకాశం అంచున, చేతులకు గుడ్డలు చుట్టుకుని, మా అక్క వంగి చూసింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. కోపం లేదు. పని చేసుకునే మనిషి ముఖం, అంతే. "ఇనండి అందరూ. మేము అడుక్కునేదానికి రాలేదు. తాళం మా కాడ ఉండాది. బస్సు అసర్‌కు వస్తాది. మేము ఏడుగురం ఎక్కితే మీరు ముప్పై మందీ ఎక్కుతారు. మేము ఎక్కకుంటే ఎవురూ ఎక్కరు. ఆ బస్సు ముందరే తాళంచెవి మోరీలో ఏస్తా." డ్రైవరన్న తల పైకెత్తి, "ఇది దౌర్జన్యం గాదా?" అని అరిచాడు. "అవును. మీరు పొద్దున్నుంచి చీటీల మీద రాసేదేందన్నా?" అంది అక్క. పక్కనుంచి చిట్వేలు అమ్మాయి, "ఇంకా రెండు రేకులుండాయి" అంది.

నాలుగో విడత చీటీలు వేయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పుడు నేను గొప్ప ఉపన్యాసం ఇచ్చి పదిమందిని తిప్పానని చెబుతూ ఉంటాను. ఇవ్వలేదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది. భాయ్‌కి ఇరవై ఆరు. డ్రైవరన్న తన చీటీ అందరికీ కనబడేలా పైకెత్తి చూపాడు, దాని మీద కత్తెర గుర్తు ఉంది. "ముగ్గురు ఆడపిల్లల తండ్రిని" అన్నాడు. ఎన్నికైన మనిషిని ఒప్పుకుంటావా అని అడగాలని ఫాదరు చెప్పింది గుర్తొచ్చి, దర్జీ భాయ్‌ని నేనే అలా అడిగాను. ఆయన తల ఊపాడు. తలుపు తీశారు. భాయ్ అందరినీ తప్పించుకుని నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి, అక్కడ చాలాసేపు ఏడ్చాడు. ఎవరూ పిలవలేదు. ముప్పై ఏడు ప్రాణాలకు జవాబు చెప్పాల్సిన మనిషికి ఆ మాత్రం జాగా ఇవ్వాలి. ముఖం కడుక్కుని వచ్చాక నేను పాత రోజుల ఆచారం ఒకటి చెప్పాను. కొత్త పోపు ఊరేగి పోతుంటే ఎదురుగా జనపనార కాల్చి, "పరిశుద్ధ తండ్రీ, లోకపు వైభవం ఇలాగే పోతుంది" అని చెప్పేవారట. భాయ్ నవ్వి, కాలరులో ఉన్న దారం తీసి, కొస నాకిచ్చి, అగ్గిపుల్ల గీశాడు. మంట చిటికెలో పైకి పాకి, నా వేలికి తగిలి ఆరిపోయింది. "ఇంతే గదప్పా, పదండి" అన్నాడు. యల్లా అన్నాడు బస్సాయన కింద నుంచి.

బస్సులో భాయ్ సీట్లో కూర్చోలేదు, అమ్మాన్ దాకా మెట్టు మీదే కూర్చున్నాడు. పోపుకు ఉన్న బిరుదుల్లో సేవకులకు సేవకుడు అనేది ఒకటి ఉందని నేను చెప్పాననుకోకండి, చెప్పే ఓపిక అప్పటికి లేదు. లిస్టులో ఏడుగురు ఆడవాళ్లనీ తన చెల్లెళ్లని రాశాడు. బస్రా దగ్గర చెక్‌పోస్టులో అధికారి బస్సెక్కి చూశాడు. బొట్టు పెట్టుకున్నవాళ్లు నలుగురు, మెడలో శిలువ ఉన్నవాళ్లు ఇద్దరు, బురఖాలో ఒకామె. "ఏడుగురూ నీ చెల్లెళ్లేనా?" అన్నాడు. "అవును సాబ్, మా నాయనకు మనసు పెద్దది" అన్నాడు భాయ్, చెయ్యి గుండె మీద పెట్టుకుని. ఇది మాత్రం నేను సాగదీసింది కాదు, నా చెవులతో విన్నాను. అధికారి అరబ్బీలో ఏదో తిట్టి దిగిపోయాడు. అమ్మాన్‌లో మనవాళ్లు నిజంగానే తలా ఒక కాగితం రాసిచ్చారు.

యుద్ధం అయ్యాక మా అక్క మళ్లీ రుమైథియాలో అదే ఇంటికి పోయింది, పాస్‌పోర్టు తన దగ్గరే ఉండాలని మామాను ఒప్పించుకున్నాకే. భాయ్ రాయచోటిలో పోయి పన్నెండేళ్లయింది. రోమ్‌లో ఆ తర్వాత ఎన్ని పొగలు చూశానో, చూసిన ప్రతిసారీ నాకు కనబడేది మా మిద్దే. మనిషి ఒక మధ్యాహ్నం బతికింది ముప్పై ఏళ్లు చెబుతాడు. చెప్పగా చెప్పగా జరిగింది అరిగిపోయి, చెప్పింది మాత్రం మిగులుతుంది.

ఇదంతా రాసి, నిన్న ఫోన్లో అక్కకు చదివి వినిపించాను. రాజంపేటలో కొడుకు ఇంట్లో ఉంటోంది. కళ్లు కనబడవు గానీ చెవులు భేషుగ్గా ఉన్నాయి. మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అయిపోయాక కూడా కాసేపు ఏమీ అనలేదు. "ఎట్లుండాదక్కా?" అన్నాను.

"బాగానే రాసినావు. పొగ, రేకులు, అన్నీ అట్లనే జరిగినాయి. ఓట్ల కాడ తప్పు."

"ఏ ఓట్లు?"

"రెండోసారి, మూడోసారి భాయ్‌కేసినా అని రాసినావే. ల్యా. రెండుసార్లూ డ్రైవరుకే ఏసినావు."

నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. ఆవిడే అంది. "నీళ్లల్లో ఏసే ముందర చిట్వేలు పాప ఒక్కొక్క చీటీ నాకు చూపిచ్చి చదివింది. ఆరేండ్లు నా జాబులన్నీ రాసినోనివి నువ్వు. చదువు రాకుంటే, నీ రాత గూడా తెలీదా నాకు?"

"అక్కా, ఆ పొద్దు భయంతో..."

"భయం అందరికీ ఉండె. నేనేమీ అనుకోలేదు, ఆ పొద్దు బస్సెక్కే ముందర నీకు అన్నం కలిపి పెట్టింది గూడా నేనే. కానీ రాసేది సరిగ్గా రాయి. నీ ఓటుతో నేను బస్సెక్కలేదురా. మేము తలుపు తియ్యలేదు. అందుకని ఎక్కినాము."